బెజవాడ ఎండల్లో అక్వేరియం

అందరికీ నమస్కారం.

కొత్తగా అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ చేపలు కొనాలనే. ఆ సంగతి కాసేపాగి చూద్దాం. మన ఊళ్లో చేపలు ఎక్కువగా పోయేది రెండుసార్లు: ట్యాంక్ పెట్టిన మొదటి నెలలో, ఆ తర్వాత మే నెలలో. ఈ రెండూ గట్టెక్కే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

మూడడుగుల ట్యాంక్ అనుకుందాం. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు. అంచుకు కాస్త కిందిదాకా నింపితే సుమారు 150 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే 150 కిలోలు. గాజు, ఇసుక కలిస్తే 200 దాటుతుంది. కాబట్టి టీవీ స్టాండ్ మీద పెట్టకండి. పడమటి కిటికీ పక్కన అసలే వద్దు.

ఇప్పుడు మొదటి నెల. చేపల విసర్జన నుంచి, కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. అది కొద్దిగా ఉన్నా చేప తట్టుకుంటుంది. కొత్త ట్యాంకులో నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఈ బ్యాక్టీరియా ఇంకా పెరిగి ఉండదు. అందుకే ఫిల్టర్ నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. ఆ మేత కుళ్లి పుట్టే అమ్మోనియాతో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చి, నైట్రేట్ కనిపించాకే చేపలు తెచ్చుకోండి. తెలిసినవాళ్ల ట్యాంకులో చేపలు ఆరోగ్యంగా ఉంటే, వాళ్ల పాత ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, పని త్వరగా అవుతుంది. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

చేపల ఎంపిక మీ నీళ్లను బట్టి ఉండాలి. బోరు నీళ్లలో ఉప్పదనం, కాఠిన్యం ఎక్కువుంటే మాలీలు, గప్పీలు హాయిగా బతుకుతాయి. పిల్లలు విపరీతంగా పెడతాయి కాబట్టి మగవాటినే తెచ్చుకుంటే మేలు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోయే మందు కలిపి వాడండి. ఆ నీళ్లు మెత్తగా, అంటే కాఠిన్యం తక్కువగా ఉంటే నేను చెప్పేది ఇది: ఒక మగ, రెండు ఆడ పెర్ల్ గురామీలు, పది హార్లెక్విన్ రాస్బోరాలు, అడుగున తిరగడానికి ఆరు స్టెర్బై కోరీలు. గురామీ నీటి పైకి వచ్చి గాలి కూడా పీల్చుకుంటుంది, వేడి నీళ్లలో అది పెద్ద వరం. నియాన్ టెట్రాకి చల్లదనం కావాలి, మన ఊరికి నప్పదు. ఏంజెల్ ఫిష్ పెద్దయ్యాక నియాన్లను మింగేస్తుంది. గోల్డ్ ఫిష్‌ని వీటితో కలపొద్దు.

సక్కర్ ఫిష్ గురించి గట్టిగా చెబుతున్నాను. "పాచి తింటుంది సార్" అని రెండంగుళాల పిల్లను అంటగడతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు సాకలేక బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతిని మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. దాని ముళ్లకు వలలు చిరుగుతాయి, మన చేపల మేతకు పోటీ వస్తుంది. దయచేసి కొనకండి. ఏ చేపనైనా వద్దనుకుంటే షాపుకో, ఇంకో పెంపకందారుకో ఇవ్వండి గానీ కాలువలో వదలకండి.

ఇక మే నెల. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి, రెండు డిగ్రీలైనా దిగుతుంది. ఆవిరైన నీళ్లు రోజూ నింపాలి. కరెంటు పోతే ఫిల్టర్ ఆగుతుంది. బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. ఆ రోజు మేత మానేయండి. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చడం మాత్రం ఏ కాలంలోనూ ఆపొద్దు.

చేపలన్నీ ఒకేసారి తేకండి. ముందు రాస్బోరాలు, రెండు వారాలకు కోరీలు, ఆఖరున గురామీలు. మీ ఇంటి నీళ్లు సీసాలో తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఇక్కడే టెస్ట్ చేసి చూద్దాం.