అయోర్టా ఆపరేషన్ తర్వాత సీఆర్‌పీ: ఆ అంకెని ఎలా చదవాలి

సర్జన్: విశాఖపట్నం నుంచి నమస్కారం. ఒక పేషెంట్‌కి టైప్ ఏ డిసెక్షన్, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని (అయోర్టా) లోపలి గోడ గుండె దగ్గరే చీలడం, దానికి ఆపరేషన్ అయింది. రెండో రోజు పొద్దున్నే సీఆర్‌పీ, అదే ఒంట్లో వాపుని (ఇన్‌ఫ్లమేషన్) చూపే రక్తపరీక్ష, లీటరుకి 180 మిల్లీగ్రాములు. యాంటీబయాటిక్ మార్చేయమంటారా అని డ్యూటీ డాక్టర్ ఫోన్ చేశాడు. ఏమంటారు మేడమ్?

ఐసీయూ డాక్టర్: ఆ ఒక్క అంకె చూసి మార్చొద్దంటాను. కోత పడ్డాక 6 నుంచి 8 గంటలకు సీఆర్‌పీ లేవడం మొదలవుతుంది, రెండో మూడో రోజుకి పైకి చేరుతుంది. ఇన్‌ఫెక్షన్ లేకపోయినా అంతే. ఇన్‌ఫెక్షన్ పసిగట్టడానికి చూసే ప్రోకాల్సిటోనిన్ కూడా మొదటి రోజు కొంత పెరుగుతుంది. నాలుగో రోజుకి దిగుముఖం పట్టిందా లేదా, అది చూడాలి.

సర్జన్: ఆపరేషన్‌కి ముందు సీఆర్‌పీ ఎక్కువుంటే ఫలితం బాగోదంటారు కదా?

ఐసీయూ డాక్టర్: అలాంటి పరిశీలనలున్నాయి. కానీ నొప్పి ఎప్పుడు మొదలైందో అడక్కుండా ఆ అంకెని నమ్మకూడదు సార్. ఊళ్లోనే ఉండి రెండు గంటల్లో వచ్చేసిన మనిషికి గోడ ఎంత చీలినా సీఆర్‌పీ మామూలుగానే ఉండొచ్చు. సోంపేట నుంచి రెండు ఆస్పత్రులు తిరిగి మర్నాడు చేరినవాళ్లకి అప్పటికే పెరిగి ఉంటుంది. అది గడిచిన టైమ్ కూడా కావచ్చు. నాకైతే లాక్టేట్ (అవయవాలకి రక్తం చాలకపోతే పెరిగేది), కడుపునొప్పి, కాలి నాడి ఎక్కువ చెప్తాయి.

సర్జన్: గోడ చీలి, ఆ చీలిక దారిలో (ఫాల్స్ ల్యూమెన్) రక్తం గడ్డకట్టడంతో ఆపరేషన్‌కి ముందే ఈ వాపు మొదలై ఉంటుంది. గడ్డ కరిగితే వచ్చే డీ-డైమర్ పెరుగుతుంది, గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ ఖర్చైపోతుంది. దాని మీద మా పంపు, అంటే ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం. రక్తానికి దాని గొట్టాలు తగలగానే కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ ప్రొటీన్లు) లేస్తుంది, చివర్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్‌కి విరుగుడు ప్రోటమిన్ కలిస్తే మళ్లీ లేస్తుంది. అన్నిటికన్నా చేటు సర్క్యులేటరీ అరెస్ట్, అంటే ఒంటిని చల్లబరిచి రక్తప్రసరణ కాసేపు ఆపడం. 24 నుంచి 28 డిగ్రీల దగ్గర ఆపి, మెదడుకి మాత్రం నిమిషానికి కిలోకి 8 నుంచి 12 ఎం.ఎల్. రక్తం ఇస్తాం, కుడి మణికట్టు ధమనిలో (రేడియల్) ప్రెషర్ 50 నుంచి 70 మి.మీ. మధ్య ఉంచుతాం. మెదడుకి రక్తం అందుతుంది. కిడ్నీలకి, పేగులకి మాత్రం ఏమీ అందదు. మళ్లీ రక్తం వదిలిన క్షణం నుంచి అసలు దెబ్బ. అందుకే కింది వైపు (డిస్టల్) కుట్టు అవగానే గ్రాఫ్ట్, అంటే మేం పెట్టే కృత్రిమ ధమని, దాని పక్క గొట్టం నుంచి కింది శరీరానికి ఫ్లో ఇచ్చేయాలి.

ఐసీయూ డాక్టర్: వేడి చేసేటప్పుడు తొందర పనికిరాదు. ధమని రక్తం 37 డిగ్రీలు దాటకూడదు.

సర్జన్: ఇంత తెలిసీ ఓ డోసు స్టెరాయిడ్ వేసేస్తే పోలా అంటారు చాలామంది.

ఐసీయూ డాక్టర్: పంపు మీద చేసే గుండె ఆపరేషన్లలో స్టెరాయిడ్‌ని పరీక్షించిన సిర్స్ ట్రయల్ 2015లో వచ్చింది, అందులో 7,507 మంది. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 250 మిల్లీగ్రాములు రెండుసార్లు ఇచ్చారు. మరణాలు తగ్గలేదు, పైగా గుండె కండరానికి దెబ్బ పెరిగింది. 2012 నాటి డెక్స్ ట్రయల్‌లో డెక్సామెథాసోన్‌తోనూ మరణాలు తగ్గలేదు. ఇవి డిసెక్షన్ కోసమే చేసినవి కావు, నిజమే. అయినా అందరికీ వేయడానికి ఆధారం లేదు.

సర్జన్: బీపీ నిలవదు, చేతులు వెచ్చగా ఉంటాయి. అప్పుడో?

ఐసీయూ డాక్టర్: వేసోప్లీజియా (రక్తనాళాలు సడలిపోవడం) అనేముందు ఎకో పెట్టాలి, టాంపొనాడ్ (గుండె చుట్టూ రక్తం చేరి నొక్కడం) కాదని తేలాలి. తర్వాత నాళాల్ని బిగించే నారడ్రినలిన్, దానికి తోడు వేసోప్రెసిన్ నిమిషానికి 0.03 యూనిట్లు. సెలైన్ గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వెంటిలేటర్‌లో టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) కిలోకి 6 నుంచి 8 ఎం.ఎల్. ఆ కిలోలు ఎత్తుని బట్టి లెక్కగట్టినవి, మంచం మీది బరువు కాదు. ఇక్కడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది.

సర్జన్: మనకి కిడ్నీ జబ్బులు ఎక్కువుండే ఉద్దానం పేషెంట్లూ వస్తారు.

ఐసీయూ డాక్టర్: వాళ్ల పాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు ఇంట్లోవాళ్లని అడిగి తెప్పించాలి. 48 గంటల్లో అది డెసిలీటరుకి 0.3 మిల్లీగ్రాములు పెరిగినా కిడ్నీ దెబ్బే. అసలు ఎంత ఉండేదో తెలియకపోతే ఏం పోల్చుతాం? సీటీలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిడ్నీకి చేటని భయపడి డిసెక్షన్ స్కాన్ మాత్రం ఆపకూడదు.

సర్జన్: ఐదో రోజు సీఆర్‌పీ దిగి మళ్లీ లేచింది...

ఐసీయూ డాక్టర్: అప్పుడు వెతకాలి. ముందు రెండు సెట్లు బ్లడ్ కల్చర్, తర్వాతే యాంటీబయాటిక్. రక్తనాళాల్లో పెట్టిన లైన్లు, కఫం, కోసి కలిపిన రొమ్ము ఎముక (స్టెర్నమ్) కదులుతోందా, ఊపిరితిత్తుల చుట్టూ (ప్లూరాలో) నీరు, కడుపు, అన్నీ చూడాలి. సీటీలో గ్రాఫ్ట్ చుట్టూ కొంచెం ద్రవం కనిపిస్తే కంగారొద్దు. తొలి వారాల్లో అది మామూలుగానూ ఉంటుంది. జ్వరం, కల్చర్‌తో కలిపి చూడాలి.