పాత డాక్స్ ముట్టుకోకూడదట! ఏటండీ ఈ అన్యాయం?

నమస్కారం అండీ, విజయనగరం నుంచి. సూటిగా విషయానికొచ్చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్‌లో (అదే, డాక్స్‌లో) తప్పుందని తెలిసి కూడా దిద్దని ప్రాజెక్ట్ తన యూజర్లని కావాలనే ముంచుతోంది. ఎవరికి కోపం వచ్చినా సరే, ఈ మాట ఇవాళ వదిలిపెట్టను.

గొడవ మీకు తెలిసిందే. మన ఆమదాలవలస కుర్రాడు ఎవరైనా కోడ్ చూసి సవరణ పంపగలిగే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి చిన్న సవరణ పంపాడు. రెండు వెర్షన్ల కిందటి ఇన్‌స్టాలేషన్ పేజీలో, కమాండ్‌లో ఒక ఫ్లాగ్ (కమాండ్‌కి తగిలించే ఆప్షన్) తప్పు పడింది. ఒక్క లైను! "ఆ వెర్షన్ అయిపోయింది, కొత్తదానికి మారండి" అని చెప్పి, ప్రాజెక్ట్ చూసుకునే మెయింటెయినర్లు ఆ పుల్ రిక్వెస్ట్‌ని, అంటే సవరణ కలుపుకోమన్న అభ్యర్థనని, మూసేశారు. అంతే, జనం రెండు ముక్కలయ్యారు. పాతదాన్ని ముట్టుకోకూడదని ఒకరు, అసలు పాత పేజీలన్నీ పీకేస్తే పీడా పోతుందని ఇంకొకరు. ఇద్దరిదీ తప్పే అంటున్నాను.

చిన్న ప్రశ్న. రాజాం ఏ జిల్లా? 2022 ఏప్రిల్ 4కి ముందు శ్రీకాకుళం, ఆ రోజు నుంచి విజయనగరం. అక్కడ ఎవరి పాత దస్తావేజు తీసినా శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. అది తప్పా? కాదు కదా! రాసిన రోజుకి అదే నిజం, కాగితం మీద తేదీ కూడా ఉంది. ఎవరూ దిద్దరు. అదే దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడిందనుకోండి. "పోనీలే, పాత కాగితమే కదా" అంటారా? పరుగున వెళ్లి సవరణ దస్తావేజు రాయించుకుంటారు. (మా విజయనగరం జిల్లా పుట్టిందే 1979లో. అంతకుముందు కాగితాల సంగతి మొదలెడితే ఈ వీడియో అవ్వదు.)

డాక్స్‌లోనూ అంతే. అప్పుడు నిజమై ఇప్పుడు మారినదాన్ని అలాగే ఉంచండి, పైన వెర్షన్ నంబరు కనబడేలా పెట్టండి. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అయితే అది ఎన్ని వెర్షన్లలో ఉంటే అన్నింటిలోనూ దిద్దండి. మన కుర్రాడు పంపింది రెండో రకం. జిల్లా పేరు మార్చమనలేదు, సర్వే నంబరు దిద్దమన్నాడు!

మొదటి రకం ఎలా ఉంటుందో చూపిస్తాను. జాంగో అని, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. అందులో పాతకాలం నుంచి 'యూఆర్ఎల్' అని, ఏ అడ్రస్‌కి ఏ పేజీ చూపాలో చెప్పే ఒక ఫంక్షన్ ఉండేది. 2017 డిసెంబరులో 2.0 వెర్షన్‌తో అదే పనికి 'పాత్' వచ్చింది. 2021 డిసెంబరులో 4.0 వచ్చేసరికి ఆ పాతదాన్ని తీసేశారు. ఇప్పుడు మన ఫైనలియర్ పిల్లలు కొత్త జాంగో వేసుకుని పాత కోడ్ కొడతారు. మొదటి లైనుకే ఎర్ర అక్షరాల్లో ఇంపోర్ట్ ఎర్రర్! జాంగో వాళ్ల తప్పు లేదండీ. పాత 1.11 వెర్షన్ డాక్స్ పేజీ తెరిస్తే, ఈ వెర్షన్‌కి సపోర్ట్ అయిపోయింది, సేఫ్ కాదు, కొత్తదానికి మారండి అని పైనే హెచ్చరిక ఉంటుంది. మరి పిల్లాడికి ఎందుకు కనబడలేదు? వాడి చేతిలో ఉన్నది ల్యాబ్ మాన్యువల్. ఎవరో మహానుభావుడు వెర్షన్ నంబరు కోసేసి, మిగతాదంతా దించి, జిరాక్స్ తీయించాడు. ఆ నంబరు కోసినాయన దొరికితే నాకు చెప్పండి.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాళ్లని చూడండి. 2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో, బ్యాకప్ నుంచి కోలుకునే సెట్టింగులుండే 'రికవరీ డాట్ కాన్ఫ్' ఫైల్‌ని ఎత్తేశారు. పాత పద్ధతిలో ఆ ఫైల్ పెట్టారా, సర్వర్ లేవనే లేవదు, ఆ రాత్రికి జాగారమే. అయినా 11 పేజీ 11కి నిజమే చెబుతుంది. పేజీ నెత్తిన వెర్షన్ల వరుస ఉంటుంది, సపోర్ట్ ఉన్నవి వేరుగా, లేనివి వేరుగా. ఒక్కో మేజర్ వెర్షన్‌ని ఐదేళ్లు చూస్తారు. డాక్స్‌లో తప్పు దొరికితే ఆ సవరణని, సపోర్ట్ ఉన్న పాత వెర్షన్ల బ్రాంచీల్లోకి కూడా దింపుతారు. వాళ్లకి కుదిరింది మీకెందుకు కుదరదు?

టూల్స్ వల్ల కూడా ఇబ్బంది ఉంది, కాదనను. డాక్స్ సైట్లు తయారుచేసే డాక్యుసారస్ లాంటి వాటిలో కొత్త వెర్షన్ తీసినప్పుడల్లా డాక్స్ ఫోల్డర్ మొత్తానికి ఒక కాపీ పడుతుంది. ఐదు వెర్షన్లుంటే అదే వాక్యం ఐదు చోట్ల. ఒకచోట దిద్ది నాలుగు మర్చిపోవడం ఖాయం. అందుకే ఆ టూల్ వాళ్లే, వెర్షన్లు పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోమని రాశారు.

పాత పేజీలు ఎందుకు దిద్దరో, ఇప్పుడు నా థియరీ. కొత్త రిలీజ్ చేస్తే చప్పట్లు, పాత పేజీలో ఫ్లాగ్ దిద్దితే ఎవరు కొడతారు చప్పట్లు? మెయింటెయినర్ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ సరికొత్తదే ఉంటుంది. పాత వెర్షన్ ఎవరి దగ్గరుంది? శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక గదిలో కూర్చుని రైస్ మిల్లులకి బిల్లింగ్ రాసిపెట్టే కుర్రాళ్ల దగ్గర. అప్‌గ్రేడ్ చేద్దామంటే మిల్లు ఓనరు ఏమంటాడు? "నడుస్తోంది కదా బాబూ, దాన్ని కెలక్కు." డబ్బులిచ్చేది ఆయన. రాత్రి పదింటికి సర్వర్ పడిపోతే ఆ కుర్రాడు తెరిచేది పాత పేజీనే. అందులో ఫ్లాగ్ తప్పు!

వాలంటీర్లకి తీరిక ఉండదంటారు. ఉండదు, నిజమే. కానీ ఇక్కడ ఒకడు పని చేసి చేతిలో పెట్టాడు కదండీ! సవరణ కలిపేసుకునే మెర్జ్ నొక్కడానికి లేని తీరిక క్లోజ్ నొక్కడానికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇక పీకేయమనే బ్యాచ్. మీరు అసలు పేజీ తీసేస్తే ఆ మిల్లు కుర్రాడు ఏం చేస్తాడు? ఏఐని అడుగుతాడు. అది మూడు వెర్షన్లు కలిపి పులిహోర కలిపి పెడుతుంది. ఏ ముక్క ఏ వెర్షన్‌దో సరిచూసుకోవడానికి మీ పేజీ ఉండదు. బాగుందా?

శనివారం రాత్రి లైవ్ పెడుతున్నాను. మీరు వాడే ప్రాజెక్ట్ పాత పేజీల్లో, అప్పుడూ తప్పే అన్న రకం ఏదైనా దొరికితే స్క్రీన్‌షాట్ పంపండి, ప్రాజెక్ట్ పేరు పెట్టి మరీ చదువుతాను. వెర్షన్ నంబరు కనబడాలి. నంబరు కోసేసి పంపితే చదవను.