సోమాలియాకు పొరుగంటే ఎందుకంత అనుమానం? జెండా నుంచి సముద్రపు గీత దాకా

[తెరపై: లేత నీలం జెండా, మధ్యలో తెల్ల నక్షత్రం. ఒక్కో మొన పేరు చెప్పినప్పుడు ఆఫ్రికా కొమ్ము పటంలో ఆ ప్రాంతం వెలగాలి]

వాయిస్: ఈ జెండా 1954 అక్టోబరు 12న ఖాయమైంది. నక్షత్రానికి ఐదు మొనలు. ఒకటి ఇటలీ పాలనలోని సోమాలియా, రెండోది బ్రిటిష్ సోమాలీలాండ్. 1960లో ఈ రెండూ కలిసి ఒకే దేశమయ్యాయి. మూడోది ఫ్రెంచివాళ్ల చేతిలోని భాగం, అంటే ఇప్పటి జిబౌటీ. నాలుగోది ఇథియోపియాలోని ఒగాడెన్, ఐదోది కెన్యా ఈశాన్య ప్రాంతం.

అంటే పొరుగున ఉన్న మూడు ముక్కలు తనవేనన్న లెక్కతో పుట్టిన దేశమిది. సోమాలీ ప్రాంతాల ఐక్యతకు చట్టబద్ధంగా, శాంతియుతంగా పాటుపడాలని 1960 రాజ్యాంగం ఆరో అధికరణంలోనే రాసుకున్నారు. ఇందులో "శాంతియుతంగా" అన్నదాన్ని ఇథియోపియా గానీ కెన్యా గానీ ఏనాడూ నమ్మలేదు.

సోమాలీల వైపు నుంచి చూస్తే ఆ లెక్కకు కారణముంది. కెన్యా ఈశాన్యంలో జనం ఏం కోరుకుంటున్నారో తెలుసుకోవడానికి 1962లో బ్రిటన్ ఒక కమిషన్ వేసింది. ఎక్కువమంది సోమాలియాతో కలవాలనే చెప్పారు. అయినా ఆ ప్రాంతాన్ని బ్రిటన్ కెన్యాకే అప్పగించింది. 1963 మార్చిలో సోమాలియా బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. ఆ ప్రాంతంలో మొదలైన గెరిల్లా పోరు 1967 దాకా సాగింది.

[తెరపై: 1964, కైరో. ఆఫ్రికా పటంలో వలస సరిహద్దులన్నీ నల్లగీతలుగా]

వాయిస్: ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు ఉన్న సరిహద్దులను అందరూ గౌరవించాలని ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1964లో కైరోలో తీర్మానించింది. ఒప్పుకోని దేశాలు రెండే: మొరాకో, సోమాలియా.

1977 జులైలో సోమాలియా సైనిక పాలకుడు సియాద్ బారె సైన్యం ఒగాడెన్‌లోకి దిగింది. సెప్టెంబరుకల్లా జిజిగా పట్టణం చేతికొచ్చింది. అంతవరకూ సోమాలియాకు ఆయుధాలిచ్చిన సోవియట్ యూనియన్ పక్షం మార్చి ఇథియోపియా వెనక నిలబడింది, క్యూబా సైనికులు పదివేలకు పైగా వచ్చారు. 1978 మార్చికి సోమాలియా సైన్యం వెనక్కి వచ్చేసింది. లక్షలాది శరణార్థులు, అప్పులు, సైన్యంలో అసంతృప్తి మిగిలాయి. 1991 జనవరిలో సియాద్ బారె పడిపోయాడు, ఆయనతోపాటే ప్రభుత్వమన్నదీ లేకుండా పోయింది. మే 18న ఉత్తరాన సోమాలీలాండ్ విడిపోతున్నట్టు ప్రకటించుకుంది.

మెలిక ఇక్కడే ఉంది. ఒకప్పుడు వలస గీతలు చెల్లవని వాదించిన దేశం ఇప్పుడు ఆ గీతల్నే పట్టుకుని వేలాడుతోంది. సోమాలీలాండ్ విడిపోకూడదనడానికి సోమాలియా రాజధాని మొగదిషు చూపించేది ఆఫ్రికా సరిహద్దులను కదపకూడదన్న సూత్రమే. సోమాలీలాండ్ రాజధాని హర్గీసా కూడా అదే సూత్రంతో జవాబిస్తుంది: 1960 జూన్ 26న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది మాకు విడిగా, దక్షిణంతో కలిసేదాకా ఆ ఐదు రోజులూ మాదో దేశం, ఆ గీత సంగతేంటి? న్యాయశాస్త్రపరంగా ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేం.

[తెరపై: హిందూ మహాసముద్రం. కెన్యా, సోమాలియా తీరాలు. రెండు గీతలు, మధ్యలో త్రికోణం]

వాయిస్: ఇప్పుడు సముద్రానికి వద్దాం. ప్రభుత్వాలు మారినా, తెగలు వేరైనా సోమాలీలను ఒక్కతాటి మీద నిలబెట్టిన తగాదా ఇదొక్కటే.

రెండు దేశాల భూసరిహద్దు తీరాన్ని చేరే చోటి నుంచి సముద్రంలోకి గీత ఎటు సాగాలి? అక్షాంశం వెంట సూటిగా తూర్పుకు అంది కెన్యా. రెండు తీరాలకూ సమదూరంలో, ఆగ్నేయంగా అంది సోమాలియా. మధ్యలో మిగిలిన త్రికోణం లక్ష చదరపు కిలోమీటర్లకు పైమాటే. చేపలు సరే, అడుగున చమురు ఉండొచ్చన్న ఆశ అసలు సంగతి.

2009 ఏప్రిల్‌లో అప్పటి తాత్కాలిక ప్రభుత్వం కెన్యాతో ఒక అవగాహన ఒప్పందం మీద సంతకం చేసింది. సముద్రాన్ని అమ్మేశారని జనం మండిపడ్డారు. ఆగస్టులో పార్లమెంటు దాన్ని తిరస్కరించింది. 2014 ఆగస్టులో సోమాలియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1979లోనే మా గీత ప్రకటించాం, ఇన్నేళ్లూ సోమాలియా నోరెత్తలేదు, అంటే ఒప్పుకున్నట్టే అన్నది కెన్యా వాదన. కోర్టు దీన్ని అంగీకరించలేదు. అంతర్యుద్ధంలో నడిచే ప్రభుత్వమే లేని ఏళ్లను మౌనాంగీకారం కింద జమకట్టలేమంది.

గీత గీసిన పద్ధతి తెలిస్తే తీర్పు అర్థమవుతుంది. ముందు రెండు తీరాల్లోనూ తగిన బిందువులు ఎంచుకుని, వాటికి సమదూరంలో ఒక తాత్కాలిక గీత వేస్తారు. ఆ గీత వల్ల ఎవరి సముద్రమైనా మరీ మూసుకుపోతోందా అని చూసి, అవసరమైతే జరుపుతారు. చివర్లో తీరాల పొడవుకూ, దక్కిన నీళ్లకూ పొంతన ఉందో లేదో సరిచూస్తారు. రెండో దశలో కెన్యాకు కాస్త ఊరట దొరికింది. దక్షిణాన టాంజానియా పెంబా దీవి, ఉత్తరాన సోమాలియా, నడుమ కెన్యా ఇరుక్కుంది కాబట్టి గీతను కొంత ఉత్తరానికి జరిపారు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా మధ్యరేఖ, ఆపైన 114 డిగ్రీల దిశలో సాగే గీత. త్రికోణంలో ఎక్కువ భాగం సోమాలియాకే వచ్చింది.

తీర్పు తేదీ 2021 అక్టోబరు 12. జెండా పుట్టినరోజే, కాకతాళీయంగా. వాదనలకు హాజరుకాని కెన్యా తీర్పును ఒప్పుకోలేదు.

కోర్టులో నడిచిన ఈ తగవు బజారుకూ తగిలింది. 2020 డిసెంబరులో సోమాలియా కెన్యాతో దౌత్య సంబంధాలు తెంచుకుంది, 2021 మేలో మళ్లీ కలిపింది. కెన్యాలోని మేరు కొండల్లో పండే మీరా ఆకు మాత్రం 2020 మార్చిలో ఆగిపోయి 2022 జులై దాకా సోమాలియాకు ఎగరలేదు. సోమాలీలు రోజూ నమిలే ఆకు అది, కోసిన ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది. విమానాలు ఆగితే రైతుకు పంట పోయినట్టే. కెన్యా రాజధాని నైరోబీ మీద మొగదిషుకు ఇంతకన్నా చురుకైన ఆయుధం లేదు.

[తెరపై: ఇథియోపియా సైనిక ట్రక్కులు, 2006. తర్వాత బెర్బెరా ఓడరేవు]

వాయిస్: ఇథియోపియా దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 2006 డిసెంబరులో, అప్పటికి మొగదిషును చేతిలో పెట్టుకున్న ఇస్లామిక్ కోర్టుల కూటమిని కూల్చడానికి ఇథియోపియా సైన్యం మొగదిషు దాకా వచ్చింది, 2009 జనవరి దాకా ఉంది. బయటి సైన్యం మీద జనంలో రగిలిన కోపమే ఇస్లామిక్ తీవ్రవాద సంస్థ అల్ షబాబ్‌కు మనుషుల్ని తెచ్చిపెట్టింది. ఇథియోపియా భద్రత కోసం చేసిన పని ఇథియోపియాకే ముప్పు పెంచింది.

ఇక 2024 జనవరి 1 ఒప్పందం. 1993లో ఎరిట్రియా విడిపోయాక ఇథియోపియాకు తీరం లేదు, సరుకులో 90 శాతానికి పైగా జిబౌటీ మీదుగానే పోతుంది. ఆ ఒప్పందంతో 20 కిలోమీటర్ల తీరాన్ని 50 ఏళ్లకు లీజుకిస్తామని సోమాలీలాండ్ చెప్పింది, బదులుగా ఇథియోపియా తమను గుర్తిస్తుందనీ చెప్పింది. ఇథియోపియా ప్రభుత్వం మాత్రం గుర్తింపు గురించి లోతుగా పరిశీలిస్తామని ఊరుకుంది. ఒప్పందం పూర్తి పాఠాన్ని ఎవరూ బయటపెట్టలేదు. ఒకే కాగితాన్ని రెండు రకాలుగా చదివారన్నమాట. హర్గీసాలో రక్షణ మంత్రి రాజీనామా చేశారు. మొగదిషులో అధ్యక్షుడు హసన్ షేక్ మొహమూద్ జనవరి 6న ఆ ఒప్పందం చెల్లదని చట్టం మీద సంతకం పెట్టారు. ఏప్రిల్‌లో ఇథియోపియా రాయబారిని పంపేశారు.

ఆ ఏడాదే సోమాలియా వేసిన మరో ఎత్తు చూడండి. ఫిబ్రవరిలో టర్కీతో రక్షణ ఒప్పందం, ఆగస్టులో ఈజిప్టుతో మరొకటి. నీలి నైలు ఆనకట్ట మీద ఇథియోపియాతో కయ్యంలో ఉన్న ఈజిప్టు, సోమాలియాకు ఆయుధాలు పంపింది. జిబౌటీ కూడా కంగారుపడి ఇథియోపియాకు తజూరా ఓడరేవు నిర్వహణ అప్పగిస్తానంది, సరుకు సోమాలీలాండ్‌లోని బెర్బెరా రేవుకు మళ్లితే దాని రాబడికి గండి కదా.

దేశమంతా దీన్ని ఒకేలా చూసిందా? లేదు. ఇథియోపియా సైన్యం వెళ్లిపోవాలని మొగదిషు అంటుంటే, ఆ సైనికులు వెళితే అల్ షబాబ్ వస్తుందని సోమాలియాలోని నైరుతి రాష్ట్రంలో కొందరు నాయకులు బాహాటంగానే అన్నారు. కిస్మాయో కేంద్రంగా ఉన్న జూబాలాండ్ రాష్ట్రానికి కెన్యా అండ ఉంది. పుంట్‌లాండ్ రాష్ట్రం 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వాన్నే గుర్తించబోనంది. సరిహద్దు జిల్లాలో మేకలు, ఒంటెలు అమ్ముకునేవాడికి ఎవరి సైన్యం దారి తెరిచి ఉంచుతుందన్నదే జాతీయ ప్రయోజనం.

[తెరపై: అంకారా, 2024 డిసెంబరు 11. టర్కీ అధ్యక్షుడి పక్కన ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్, హసన్ షేక్. ప్రకటన పాఠంలోని వాక్యాలు ఒక్కొక్కటిగా]

వాయిస్: టర్కీ మధ్యవర్తిత్వంలో కుదిరిన ఈ ప్రకటనను పదం పదం చదవాలి. ఇథియోపియాకు సముద్రానికి నమ్మకమైన దారి దొరుకుతుంది, సోమాలియా సార్వభౌమాధికారం కింద. జనవరి ఒప్పందం ప్రస్తావన ఎక్కడా రాదు. సాంకేతిక చర్చలు 2025 ఫిబ్రవరి ముగిసేలోగా మొదలవ్వాలనీ, నాలుగు నెలల్లో తేలాలనీ గడువు పెట్టారు. వాణిజ్య ఏర్పాట్లకు కాంట్రాక్టు, లీజు, అలాంటి పద్ధతులు అని రాశారు. ఏ రేవో రాయలేదు. సుంకం ఎవరు వసూలు చేస్తారో, రేవులో కాపలా ఎవరిదో రాయలేదు. యుద్ధనౌకల ఊసు లేదు.