41వ ఎపిసోడ్: ముసలి నక్షత్రాలు, మావయ్య పంచె

సిరి: అందరికీ నమస్తే. ఈవేళ ముసలి నక్షత్రాలు. మావయ్యా, కుక్కర్ కథ మాత్రం ఎత్తకు.

సన్యాసిరావు: ఎత్తనమ్మా. మూడో అంతస్తు ఆవిడ కూడా వింటోందట.

సిరి: (నవ్వు) అయితే మరీ ఎత్తకు. సూర్యుడి లాంటి నక్షత్రం ముసలిదైతే ఉబ్బిపోయి, పైపొరలు వదిలేస్తుంది. మన సూర్యుడికి ఆ గతి పట్టడానికి ఇంకో 500 కోట్ల ఏళ్లు. దాదాపు సగం బరువు అలాగే పోతుంది.

సన్యాసిరావు: ఊదేదెవరు?

సిరి: అది నెలల తరబడి ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది. ఆ ఊపుకి పైకి లేచిన గ్యాస్ చల్లబడి ధూళి కడుతుంది. వెలుగు ధూళిని తోస్తే, ధూళి గ్యాస్‌ని వెంటేసుకుని పోతుంది. సెకనుకి ఏ 10, 20 కిలోమీటర్లో.

సన్యాసిరావు: ధూళంటే, మసా?

సిరి: కార్బన్ ఎక్కువున్న నక్షత్రాల్లో మసిలాంటిదే.

సన్యాసిరావు: అదీ! మా వన్‌టౌన్ బాల్కనీలో ఉన్నదదే. పొద్దున తడిగుడ్డ పెడితే సాయంత్రానికి రెయిలింగ్ నల్లగా...

సిరి: మొదలెట్టావా! అది రోడ్డు దుమ్ము.

సన్యాసిరావు: రోడ్డు దుమ్మయితే వేళ్ల మధ్య గరగరలాడాలి. ఇది కాటుకలా పూసుకుంటోంది. తెల్ల పంచె ఆరేస్తే బూడిద పంచె తీసుకుంటున్నాను. ఎక్కడిదో చెప్పమంటావా?

సిరి: పేర్లొద్దు!

సన్యాసిరావు: చెప్పనులే. నీ బీచ్ రోడ్డు ఫ్లాట్‌లో పడితే తెలిసేది.

సిరి: మాకు ఉప్పుగాలి. కిటికీ ఊచలు తుప్పు పట్టి ఊడొస్తున్నాయి, తెలుసా?

సన్యాసిరావు: తుప్పుని ఊపిరితో పీల్చవు కదా! (ఆగి) మీ అత్త ఉన్నప్పుడు రోజుకి రెండుసార్లు తుడిచేది. ఒక్కమాట అనేది కాదు.

సిరి: ...ఊఁ.

సన్యాసిరావు: సరే, నీ నక్షత్రం చెప్పు.

సిరి: మన ఆరుద్ర. బరువు ఎక్కువ కదా, కోటేళ్లకే ముసలిదైపోయింది. 2019 చివర్లో మసకబారడం మొదలై, 2020 ఫిబ్రవరికి బాగా తగ్గింది. పేలిపోతుందని ఒకటే గోల. తీరా చూస్తే, అదే కక్కిన గ్యాస్ చల్లబడి, ధూళై, దానికే అడ్డొచ్చింది.

సన్యాసిరావు: ఆరుద్ర కార్తెలో ఎర్ర పురుగులొచ్చేవి, అగ్గిపెట్టెలో దాచేవాళ్లం. పాపం, దానికీ మసేనా! తడిగుడ్డ ఎవరు పెడతారు?

సిరి: మావయ్యా! ఇంకా మీరా అని ఇంకో ముసలి నక్షత్రం ఉంది. దాని వెనక 13 కాంతి సంవత్సరాల తోక...

సన్యాసిరావు: ఆగాగు. గాలి తిరిగింది.

సిరి: అయితే?

సన్యాసిరావు: తీగ మీద పంచె ఉందే!

(తలుపు చప్పుడు)