కార్లావరాక్: ఏలినవాళ్లే కూల్చుకున్న కోట

సభకు నమస్కారం.

కోట అనగానే మనకు కొండే గుర్తొస్తుంది. కొండవీడు, కొండపల్లి, గండికోట చూసి పెరిగినవాళ్లం కదా. ఈ సాయంత్రం నేను చెప్పబోయే కోటకు కొండ ఆసరా లేదు. స్కాట్లండ్ నైరుతి మూలన, డంఫ్రీస్ పట్టణానికి దక్షిణాన, సాల్వే సముద్రపాయ ఒడ్డున పల్లపు నేలలో ఉంది. పేరు కార్లావరాక్. పాయకు అవతలి ఒడ్డు ఇంగ్లండ్. శత్రువు ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటాడన్నమాట.

1220 ప్రాంతంలో స్కాట్లండ్ రాజు రెండో అలెగ్జాండర్ ఈ నేలను సర్ జాన్ మాక్స్‌వెల్‌కు ఇచ్చాడు. ఆయన హయాంలో కట్టిన మొదటి కోట అర్ధ శతాబ్దమైనా నిలవలేదు. చిత్తడి నేల, పైగా ఉప్పునీటి పోటు. దాంతో అక్కడికి సుమారు 200 మీటర్ల దూరంలో, కాస్త గట్టి నేల చూసి 1270లలో కొత్త కోట కట్టారు. ఇక్కడ ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులవి. ఈ కొత్త కోటకు మూడే మూలలు. బ్రిటన్‌లో ఇలాంటిది మరొకటి లేదు. ఉత్తరం మూలన జంట బురుజుల సింహద్వారం, మిగతా రెండు మూలల్లో ఒక్కో బురుజు, చుట్టూ నీళ్లు నిండిన కందకం.

1300 జులైలో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దీని మీదికి వచ్చాడు. వెంట 87 మంది నైట్లు, దాదాపు 3,000 మంది సైనికులు. లోపల ఉన్నది అరవై మంది. కార్లైల్ నుంచి, లాఖ్‌మాబెన్ నుంచి రాళ్లు విసిరే యంత్రాలు తెప్పించారు. రెండు రోజుల్లో కోట లొంగింది. ఈ ముట్టడి మీద అప్పటి ఫ్రెంచి భాషలో ఒక పద్యకావ్యం వచ్చింది. కోట డాలు ఆకారంలో ఉందని వర్ణించి, ఏ దొర జెండా మీద ఏ గుర్తు ఉందో ఓపిగ్గా చెప్పుకుంటూ పోతుంది. లొంగిపోయినవాళ్లను రాజు ప్రాణాలతో వదిలి కొత్త బట్టలు పెట్టాడని ఆ కవి అంటాడు. లానర్‌కాస్ట్ మఠం చరిత్ర మాత్రం చాలామందిని ఉరితీశారని రాసింది. రాజు ప్రాపకంలో పుట్టిన పద్యం కంటే ఈ మాటనే నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లండ్ తరఫున ఈ కోటను కాపాడుతున్న సర్ యూస్టస్ మాక్స్‌వెల్ 1312లో స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ వైపు వచ్చేశాడు. ఇంగ్లిష్ సేన ముట్టడిస్తే తట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత తన కోటను తన చేతులతోనే పడగొట్టించాడు. బ్రూస్ విధానమే అది: నిలబెట్టుకోలేని కోట శత్రువుకు దక్కకూడదు. నష్టానికి రాజు పరిహారం ఇచ్చాడు, నిజమే. కానీ తాతల నాటి గోడను పలుగు పెట్టి పెళ్లగించడానికి ఎంత గుండె దిటవు కావాలి! తర్వాత మరో మాక్స్‌వెల్ ఇంగ్లండ్ పక్షాన చేరితే, 1350లలో ఈసారి స్కాట్లే వచ్చి కోటను పాడుచేశారు. ఇవాళ్టికీ సింహద్వారం దగ్గర నిలబడి చూస్తే బురుజుల అడుగున పాత కట్టడం, పైన తర్వాతి శతాబ్దాల అతుకులు కనిపిస్తాయి. మాక్స్‌వెల్‌లను గోడ మీద పిల్లులని తేలిగ్గా అనేయవచ్చు. నేను అనను. రెండు రాజ్యాల మధ్య పల్లంలో కాపురమున్నవాళ్లకు ఏ రాజు నెగ్గుతాడో పసిగట్టడమే కందకం కంటే పెద్ద రక్షణ.

ఇరుగుపొరుగు దొరలతో మాత్రం వాళ్లకు ఆ లౌక్యం లేకపోయింది. జాన్‌స్టన్ వంశంతో తరాల పగ. 1593లో డ్రైఫ్ శాండ్స్ పోరులో ఎనిమిదో లార్డ్ మాక్స్‌వెల్ హతమయ్యాడు. 1608లో రాజీ మాటలకని కూర్చున్న చోట ఆయన కొడుకు జాన్‌స్టన్ నాయకుణ్ణి వెనక నుంచి కాల్చాడు. అతన్ని 1613లో ఎడింబరోలో శిరచ్ఛేదం చేశారు.

ఆస్తి తమ్ముడు రాబర్ట్‌కు వచ్చింది. 1620లో నిత్స్‌డేల్ ఎర్ల్ బిరుదు పొందిన ఈయన, 1634 నాటికి కోట లోపల ఒక నివాసం కట్టించాడు. దాని కిటికీల మీద శిల్పాలు చెక్కించాడు: వంశచిహ్నాలు, పురాణ గాథలు. ఇక యుద్ధాలు ఉండవనుకున్న మనిషి కట్టుకునే ఇల్లది. ఆరేళ్లకే యుద్ధం వచ్చింది. క్యాథలిక్ అయిన రాబర్ట్ మొదటి చార్లెస్ రాజు పక్షాన ఉండిపోయాడు. 1640లో కవనెంటర్ల సేన, అంటే మత విషయాల్లో రాజును ఎదిరించిన స్కాట్ ప్రొటెస్టెంట్ల సేన, కోటను పదమూడు వారాలు చుట్టుముట్టింది. చివరికి రాజు సమ్మతితోనే లొంగిపోయాడు. గెలిచినవాళ్లు దక్షిణపు గోడను, ఆగ్నేయ మూల బురుజును పడగొట్టేశారు. ఆపైన కోటలో ఎవరూ కాపురం పెట్టలేదు. అనుకూలం కాకపోయినా పక్షం మార్చనన్న మాక్స్‌వెల్ హయాంలోనే కోట పోయింది.

ఆ పట్టుదల మాత్రం వంశంలో మిగిలింది. ఐదో ఎర్ల్ విలియం, పదవీచ్యుతులైన స్టూవర్ట్ రాజుల కోసం లేచిన 1715 జాకబైట్ తిరుగుబాటులో ప్రెస్టన్ దగ్గర పట్టుబడ్డాడు, మరణశిక్ష పడింది. శిక్షకు ముందురోజు సాయంత్రం భార్య వినిఫ్రెడ్ ఆయన్ను ఉంచిన లండన్ టవర్ చెరసాలకు వెళ్లి, భర్త ముఖానికి రంగు పూసి, స్నేహితురాలి బట్టలు తొడిగి, ఏడుస్తున్న ఆడమనిషిలా రుమాలు అడ్డం పెట్టించి బయటకు పంపేసింది. తాను మళ్లీ ఖాళీ గదిలోకి వెళ్లి, తలుపు బయట కాపలావాళ్లు వినేలా భర్తతో మాట్లాడుతున్నట్టు నటించింది. జవాబులూ తనే ఆయన గొంతుతో చెప్పింది. అంతటితో ఊరుకోలేదు. లండన్‌కు బయలుదేరే ముందు కుటుంబ పత్రాలను స్కాట్లండ్‌లో ఇంటి తోటలో పాతిపెట్టి వచ్చింది. తన కోసం వెతుకుతున్నా తిరిగి వెళ్లి వాటిని తవ్వి తీసింది, కొడుకు హక్కు పోకూడదని. తర్వాత భర్తను చేరుకుంది. ఇద్దరూ రోమ్‌లోనే కన్నుమూశారు.