దొంగ కన్నా కొనేవాడి మీదే కన్నుండాలి

అన్నలకు, అక్కలకు నమస్కారం. యాసంగి కోతలైపోయినయి. మళ్లీ నారు పోసేదాకా బావికాడికి పోయే పని పెద్దగా ఉండదు. దొంగకు అదే అదను. మోటరు స్టార్టర్ డబ్బా తెరిచి చూసేదాకా వైరు పోయిన సంగతి మనకే తెలియదు.

వాడికి కావలసింది మన మోటరు కాదు, అందులోని రాగి. కేబుల్ కోసుకుపోయి ఊరవతల కాలుస్తాడు. పై తొడుగు కాలిపోయాక ఆ రాగి మీదా నాదా అని ఏ పోలీసూ తేల్చలేడు. రాత్రిపూట చెరువుకట్ట కింద ప్లాస్టిక్ కాలిన వాసనొస్తే ఎవరో చలి కాచుకుంటున్నారని ఊరుకోకండి. ఎండాకాలంలో చలిమంటేంది?

ట్రాన్స్‌ఫార్మర్‌ది ఇంకో తీరు. కింద పడేసి, ఆయిల్ పారబోసి, లోపలి చుట్టలు పట్టుకుపోతారు. చుట్టుపక్కల పొలాల్లో కరెంటుండి మీ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లే ఆగినయంటే, ఫీజు పోయిందిలే, పొద్దున చూద్దామనకండి. లైన్‌మన్‌కు, 112కు ఫోన్ కొట్టండి. ఒక్కరే పోవద్దు.

ఇంత రాగీ ఎక్కడికి పోతుంది? తుక్కు కొట్టుకే. దొంగసొత్తని తెలిసి కొన్నోడికీ భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుంది. కానీ అది మీదేనని రుజువు కావాలి కదా! మోటరు నంబరు ప్లేటు ఫొటో తీసి పెట్టుకోండి. మోటరు బాడీ మీద, స్టార్టర్ డబ్బా మీద సర్వే నంబరు వెల్డింగ్‌తో వేయించండి. రంగుతో రాస్తే గీకేస్తారు. పోయిన రోజే ఫిర్యాదివ్వండి. మా పరిధి కాదని తిప్పి పంపడానికి లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా రాయాల్సిందే.

కొందరు కంచెకు కరెంటు పెడుతున్నారు. దొంగ సంగతేమో గానీ, పొద్దున్నే నీళ్లు కట్టడానికొచ్చిన పక్క రైతు పోతాడు. కేసు మీ మీద. దొంగ దొరికినా చెట్టుకు కట్టేసి కొట్టొద్దు. పట్టుకునే హక్కు మీకుంది, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి.

వెల్డింగ్ మిషన్ బయట పెట్టించాం. స్టార్టర్ డబ్బాలు తెచ్చినవాళ్లు పాసుపుస్తకంలో సర్వే నంబరు చూసుకుని రండి. నోటిలెక్కన చెప్పకండి, పోయినసారి ఇద్దరు ఒకటే నంబరు చెప్పిన్రు.