కొలంబోలో నాలుగు షోర్ లీవ్‌లు, ఒక ఫ్రీ బ్యాగు

నమస్తే అండీ, అందరూ బాగున్నారా. వెనకాల గరగరమని చప్పుడు వస్తోంది కదా, అది మైకు తప్పు కాదు. మా ఓడ కొలంబోలో డ్రైడాక్‌లో ఉంది. మా ఓడకి గ్రిట్ బ్లాస్టింగ్ అయిపోయింది, ఇప్పుడు పక్క డాక్‌లో ఓడకి నడుస్తోంది. ఓడ అడుగున పట్టిన గుల్లలు, పాత రంగు, తుప్పు అంతా ఇసుకలాంటి రవ్వతో గాలి కొట్టి లేపేస్తున్నారు. ఈ చప్పుడు ఆగితే వీడియో తీద్దామని మూడు రోజులు చూశాను. ఆగలేదు. కాస్త సర్దుకోండి.

ఇదిగో, బ్యాగు ఇదే. భుజానికి అడ్డంగా వేసుకునేది. కంపెనీవాళ్లు ఊరికే పంపించారు. డబ్బులేం ఇవ్వలేదు, బ్యాగు మాత్రం ఉంచుకోమన్నారు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత కామెంట్లలో "అన్నా, అమ్ముడుపోయావా" అనకండి. ఎన్ని లీటర్లు, ఎన్ని గ్రాములు, ఏం గుడ్డ, ఇవన్నీ ఈపాటికి పది ఛానళ్లలో చూసేసుంటారు. వాళ్లంతా దీన్ని ఎయిర్‌పోర్టుల్లో, మాల్స్‌లో వేసుకు తిరిగారు. నేను మోటార్‌మ్యాన్‌ని, ఇంజిన్ రూమ్ మనిషిని. దీన్ని డ్రైడాక్‌లో నాలుగు షోర్ లీవ్‌లకి, అంటే ఓడ దిగి ఊళ్లోకి వెళ్లే సెలవులకి, వాడాను. ఆ లెక్క వేరు.

డ్రైడాక్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. ఓడని పెద్ద కాంక్రీటు గోతిలోకి తెచ్చి, గేటు మూసి, నీళ్లన్నీ తోడేస్తారు. ఓడ కింద దిమ్మల మీద కూర్చుంటుంది. ఐదేళ్లలో రెండుసార్లు అడుగు భాగం సర్వేయర్‌కి చూపించాలి, రెండిటికీ మధ్య 36 నెలలు దాటకూడదు. ప్రొపెల్లర్ కింద నిలబడి అందరం ఫొటోలు దిగుతాం, మీరు లైకులు కొడతారు. అక్కడితో అందం అయిపోతుంది.

ఎందుకంటే ఓడలో ఏసీ చల్లబడేది సముద్రపు నీళ్లతో. ఆ నీళ్లే లేవు. మా ఓడలో ఏసీ బంద్. మాంసం, కూరగాయలు పెట్టే కోల్డ్ రూమ్‌కి మాత్రం ఒడ్డు నుంచి గొట్టం వేసి నీళ్లు ఇచ్చారు. అంటే కోడి మాంసానికి ఏసీ ఉంది, నాకు లేదు. క్యాబిన్ చూస్తే ఇనప్పెట్టె. పగలంతా ఎండకి కాగి, రాత్రి ఆ వేడంతా మన మీదకే వదుల్తుంది. బాత్రూములకి తాళం, డాక్‌లోకి మురికినీళ్లు వదలకూడదు కాబట్టి. రాత్రి రెండింటికి అవసరం పడిందనుకోండి, నాలుగు అంతస్తులు దిగి, గ్యాంగ్‌వే, అంటే ఓడ నుంచి ఒడ్డుకి వేసిన నడక వంతెన, దాటి, యార్డు బాత్రూమ్ దాకా నడవాలి. హెల్మెట్ పెట్టుకుని! బాత్రూమ్‌కి హెల్మెట్ పెట్టుకు వెళ్లే ఉద్యోగం ఇంకేదైనా ఉంటే కింద రాయండి, పిన్ చేస్తాను.

అందుకని డ్రైడాక్‌లో షోర్ లీవ్ అంటే ఊరు చూడ్డానికి కాదండీ. ముందు ఎక్కడో ఒకచోట ఏసీ కింద కూర్చుని, తాళం లేని బాత్రూమ్‌కి వెళ్లి, మనిషిననిపించుకోడానికి. సాయంత్రం ఐదుకి పని ఆపి, పంచాయితీలో కుళాయి దగ్గర నిలబడ్డట్టు యార్డు షవర్ల దగ్గర లైన్లో నిలబడి, ఆరున్నరకి గేటు దాటితే, గ్యాంగ్‌వే బోర్డు మీద రాసిన టైము రాత్రి 11. నాలుగున్నర గంటలు. వాటికి కావాల్సినవి షోర్ పాస్, ఫోను, కెప్టెన్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, పొడి చొక్కా ఒకటి. ఇవి పట్టాలి, పోకూడదు, తడవకూడదు. బ్యాగు నుంచి నేను అడిగింది అంతే.

ఇప్పుడు జిప్పు. జిప్పు గురించి ఎక్కువ మాట్లాడతాను, ఓపిక లేనివాళ్లు ముందుకి లాక్కోండి.

ఈ గ్రిట్ ఉంది చూశారా, నల్లగా, సన్నగా, గోధుమరవ్వకన్నా కాస్త నలిగినట్టుంటుంది. చెవుల్లో ఉంటుంది, దిండు గలీబులో ఉంటుంది, నిన్న పప్పులో కూడా తగిలింది. జిప్పుల్లోకి దూరిందంటే ఆ జిప్పు పని అయిపోయినట్టే. ఇంతకుముందు నాకు విశాఖ పూర్ణా మార్కెట్లో కొన్న నడుం పౌచ్ ఒకటి ఉండేది. మంచిదే, నాలుగేళ్లు తిరిగింది నాతో. పోయిన డ్రైడాక్‌లో రెండో రోజుకి జిప్పు పట్టేసింది. కొవ్వొత్తి రుద్దాను. కదల్లేదు. కొబ్బరినూనె రాశాను. బేరింగుల్లో పనిచేసేవాణ్ణి, నూనెలో రవ్వ కలిస్తే అది ఆకురాయి అవుతుందని నాకు తెలియదా? తెలుసు. అయినా రాశాను. పళ్లు రెండు రాలాయి. ఆ తర్వాత నెల రోజులు పిన్నీసు పెట్టుకుని తిరిగాను.

దీని జిప్పు లావు పళ్లది, ప్లాస్టిక్. పైన రబ్బరు పెదాలు రెండు దగ్గరికొచ్చి మూసుకుంటాయి. వీళ్ల పోస్టర్‌లో దీని గురించి ఒక్క మాట లేదు! నేను పరీక్ష పెట్టాను. డాక్ అడుగున లంగరు గొలుసు మొత్తం దింపి పరిచారు, లింకుల మందం కొలవడానికి. దాని పక్కనే బ్లాస్టింగ్. అక్కడ ఒక దిమ్మ మీద బ్యాగుని పొద్దున పెట్టి సాయంత్రం దాకా వదిలేశాను. బోసన్, అంటే డెక్ మీద పనివాళ్ల పెద్ద, చూసి "నీది కాదా ఏటి ఆ బ్యాగు" అన్నాడు. నాదే, ఫ్రీ అన్నాను. సాయంత్రం రెండు దెబ్బలు దులిపి లాగాను. వినండి.

సర్రున. ఇంకోసారి.

గ్లౌజు వేసుకున్న చేత్తో లాగినా అంతే. ఈ జిప్పు చేసినాయన ఎవరో గానీ ఆయన చెయ్యి చల్లగుండాలి.

ఇక వీళ్లు పోస్టర్ నిండా వేసుకున్న సీక్రెట్ పాకెట్. ఒంటికి ఆనుకునే వైపు, వెనకాల, దొంగ చెయ్యి పట్టని చోట అరచేతంత అర. నిజమే, దొంగ చెయ్యి పట్టదు. చెమటకి చెయ్యక్కర్లేదు కదా.

రెండో షోర్ లీవ్. మా సెకండ్ కుక్ ఉన్నాడు, భీమిలివాడు, బావా అంటాడు నన్ను. ఇద్దరం పోర్టు గేటు దాటి ఫోర్ట్ వైపు నడిచాం. అక్కడ రోడ్ల కూడలిలో ఒక గడియార స్తంభం ఉంటుంది, 1857 నాటిది. దాని నెత్తి మీద లైట్‌హౌస్ దీపం. గడియారమూ అదే, లైట్‌హౌసూ అదే. చుట్టూ మేడలు లేచి సముద్రం నుంచి కనబడకుండా పోయి, దీపం పని మానేసింది. ఓడవాడు దాన్ని చూడకుండా వెళ్లకూడదు, నేను రెండు నిమిషాలు నిలబడ్డాను. బావ నిలబడలేదు, వాడికి ఆకలి. అక్కణ్ణుంచి పేటా బజారు. ఒక వీధి గుడ్డలకి, ఒక వీధి ఇనప సామాన్లకి, సీ స్ట్రీట్ మొత్తం బంగారం కొట్లు, మధ్యలో ఎరుపు తెలుపు గళ్లూ చారలతో మిఠాయిలా ఎర్ర మసీదు. మన వన్‌టౌన్‌ని తలదన్నే రద్దీ. తోపుడు బండి వస్తే గోడకి అతుక్కుపోవాలి. అక్కడ పట్టీ తిప్పి బ్యాగు ముందుకి వేసుకున్నాను, బకిల్ బాగుంది, మరి చెప్పడానికేం లేదు.

కానీ ఆ ఉక్క! సాయంత్రం ఏడైనా గాలిలో నీళ్లు పిండొచ్చు. షోర్ పాస్ సీక్రెట్ పాకెట్లోనే ఉంది, సీక్రెట్‌గా తడుస్తోంది.

రాత్రి పదీ నలభైకి గేటు దగ్గర పాస్ తీశాను. తీసేటప్పుడే మెత్తగా తగిలింది, సాంబార్లో నానిన ఇడ్లీలా. నా పేరు పెన్నుతో రాసుంది, ఆ అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి జిలేబీ అయిపోయాయి. ఊదారంగు స్టాంపు వెళ్లి నా ఫొటో మీద, సరిగ్గా ముక్కు మీసం కలిసేచోట అంటుకుంది. గార్డు పెద్దాయన టార్చి వేసి పాస్ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పాస్ చూశాడు. అరవంలో "తంబీ, ఇదు యారు?" అన్నాడు. నేనే అన్నాను. నమ్మలేదు. నేనైనా నమ్మను. సీడీసీ, అంటే ఓడవాళ్ల గుర్తింపు పుస్తకం, చూపిద్దామంటే అది ఓడలో కెప్టెన్ దగ్గర ఉంటుంది. ఓడకి ఫోన్ చేస్తే థర్డ్ ఆఫీసర్ క్రూ లిస్టు పట్టుకుని, హవాయి చెప్పులతో, నిద్రమొహంతో వచ్చాడు. గ్యాంగ్‌వే రిజిస్టర్లో నేను సంతకం పెట్టేసరికి పదకొండూ పది.

పొద్దున చీఫ్ ఇంజినీర్ నన్ను ఒక్క మాట అన్లేదు. సీ చెస్ట్ లోపలికి వెళ్లి గుల్లలు గోకమన్నారు. సీ చెస్ట్ అంటే ఇంజిన్‌కి సముద్రపు నీళ్లు తీసుకునే గూడు, మనిషి వంగి దూరితే సరిపోయేంత. అందులో చచ్చిన గుల్లలు మూడు రోజులుగా ఎండుతున్నాయి. ఎండుచేపల బుట్ట పక్కన పెరిగినవాణ్ణి నేను, సోంపేట పక్క సముద్రం ఒడ్డున. నాకే కడుపులో తిప్పింది. గోకినంతసేపూ ఈ పాకెట్ కుట్టినవాణ్ణే తలుచుకున్నాను.

వాళ్లకి మెయిల్ పెట్టాను. "సర్, ఆ పాకెట్ కార్డుల కోసం డిజైన్ చేశాం" అని జవాబు. మరి పోస్టర్లో పాస్‌పోర్టు బొమ్మ ఎందుకు వేశారు బాబూ?

మూడో షోర్ లీవ్ నుంచి పాస్‌ని అమ్మ కరివేపాకు కారప్పొడి కట్టిచ్చిన జిప్ కవర్లో పెట్టి, ముందు అరలో వేస్తున్నాను. చుక్క తడవలేదు. కాకపోతే పాస్ కారప్పొడి వాసన. అదే గార్డు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, తల ఊపి, పంపించేశాడు.

ఆ రోజు గాల్ ఫేస్‌కి వెళ్లాం. సముద్రం పక్కన బారుగా పచ్చిక మైదానం, 1859లో వేసింది, సాయంత్రమైతే ఊరంతా అక్కడే, గాలిపటాలూ పిల్లలూ. మన ఆర్కే బీచ్‌కి చుట్టం. బళ్ల మీద ఇస్సో వడే అమ్ముతారు. ఇస్సో అంటే రొయ్య. మన పప్పు వడే, పల్చగా, కరకరగా, దాని నెత్తిన పెంకుతో సహా రొయ్యలు రెండు పడుకునుంటాయి. పైన ఉల్లిపాయ, కారం సాసు. కాగితంలో పెట్టిస్తే నూనె వేళ్లకి కారుతుంది, రొయ్య తోక పళ్ల కింద పటుక్కుమంటుంది. మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైనే, కాబట్టి లెక్కచూసుకోకుండా తిన్నాం. పక్క కొట్లో కొత్తు రొట్టె, పెనం మీద రెండు రేకులతో టకటకటక కొట్టి ముక్కలు చేస్తారు. నాకు మాత్రం అది తుప్పు రాలగొట్టే చిప్పింగ్ హ్యామర్ చప్పుడు. లేచి దూరంగా వెళ్లిపోయాను, పగలంతా వింటున్నది చాలు.

అలా వెళ్తే ఒక ముసలాయన బుట్టలో పాముతో కూర్చున్నాడు, పక్కన మనవడు కాబోలు చిన్న గుంటడు. వాడు బుట్ట మీద చెయ్యేస్తే ఆయన గదిమాడు. అందులో "పాము" అన్న మాట వినబడింది. తర్వాత "నీల్లు" అన్నాడు. నేను ఆగిపోయాను. తాతా, తెలుగా అన్నాను. ఆయన నన్ను తేరిపార చూశాడు. నా తెలుగు ఆయనకి సగం, ఆయన తెలుగు నాకు సగం. మా ఊరి పేరు తెలీదు, ఆంధ్రా తెలీదు. వాళ్లని అహికుంటక అంటారు, తరాల నుంచి పాముల్నీ కోతుల్నీ ఆడించుకుంటూ ఈ దీవి అంతా తిరిగినవాళ్లు, ఇంట్లో మాత్రం తెలుగే. బ్యాగులో పలాస జీడిపప్పు పొట్లం ఉంటే తీసి గుంటడికిచ్చాను. పాముని ఆడించొద్దులే తాతా అని, ఊరికే కూర్చున్నాను కాసేపు. ఏసీ గుర్తురాలేదు.

నాలుగోది చెప్పడానికేం లేదు, ఆ రోజు పున్నమి. శ్రీలంకలో ప్రతి పున్నమీ సెలవే, పోయ అంటారు. మందు కొట్లు బంద్. బోసన్ వారం నుంచి దాచుకున్న షోర్ లీవ్ అది. ఒక్కో కొట్టు ముందూ ఆగి తాళం చూసి "పోయ" అంటున్నాడు. సింహళంలో అన్నాడో తెలుగులో అన్నాడో మీరే అనుకోండి. అల్లం ప్లెయిన్ టీలు మూడేసి తాగి వచ్చేశాం.

సరే, మార్కులు. జిప్పుకి ఐదుకి ఆరు. పాకెట్‌కి నేను మార్కులు వెయ్యను, సీ చెస్ట్‌లో ఒక పూట వేస్తాను. ముప్పై సెకన్లు సీక్రెట్ పాకెట్ గురించి చెప్పమన్నారు కంపెనీవాళ్లు, దాని మీద నేను అంతకంటే ఎక్కువే మాట్లాడానని గమనించాలి. మొత్తం మీద కొనాలా వద్దా? ఊళ్లో తిరిగేవాళ్లు వేరేది చూసుకోండి, దీని ధరకి రెండొస్తాయి. ఓడవాళ్లు, ముఖ్యంగా డ్రైడాక్‌కి వెళ్లబోయేవాళ్లు కొనండి, జిప్పు కోసం కొనండి, ఆ వెనక అరని మాత్రం సూదీ దారం పెట్టి కుట్టేసుకోండి. నేను నిన్న రాత్రి కుట్టేశాను, ఇదిగో, ఎర్రదారం. నల్లదారం దొరకలేదు.

రేపు పొద్దున డాక్‌లోకి నీళ్లు వదుల్తారు. మేము కింద వాల్వుల దగ్గర టార్చి పట్టుకుని ఎక్కడైనా కారుతోందా అని చూడాలి, బాగుంటే మధ్యాహ్నానికి ఓడ తేలుతుంది, రాత్రికి ఏసీ. ఇవాళే ఆఖరి షోర్ లీవ్. ఆ, వస్తున్నా బావా, ఒక్క నిమిషం! చూశారా, అరుస్తున్నాడు. జీడిపప్పు ఇంకో పొట్లం ఉంది, తాత ఉంటే ఇద్దామని. పాస్... పాస్ ఏదీ? కారప్పొడి కవరు... ఇదిగో. ఉంటానండీ.